ఎవరన్నారు, ఎవరి ద్వారా విన్నాం: మెనహెమ్ స్టెర్న్ పనితనం

అరిస్టాటిల్ ఆసియా మైనర్‌లో ఉన్న రోజుల్లో ఒక యూదుడు ఆయన్నీ ఆయన తోటివారినీ కలిశాడట. భాష గ్రీకే, ఆలోచన తీరూ గ్రీకేనట. ఆ యూదుడి జాతివాళ్లు భారతదేశపు తత్వవేత్తల సంతతి అనీ, అటువంటివాళ్లను భారతీయులు కలనోయి అంటే సిరియా వైపు యూదులంటారనీ అరిస్టాటిలే స్వయంగా చెప్పాడట.

ఇన్ని ‘అట’లు ఎందుకంటే, ఆ మాట మనదాకా వచ్చిన దారి అలాంటిది. అరిస్టాటిల్ చెప్పినట్టుగా రాసింది ఆయన శిష్యుడు క్లియార్కస్, సైప్రస్ ద్వీపంలోని సోలి పట్టణం వాడు. నిద్ర గురించి అతను రాసిన గ్రంథంలో ఈ ముచ్చట ఉంది. ఆ గ్రంథం ఇప్పుడు లేదు. దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాత రోమ్‌లో స్థిరపడిన యూదు చరిత్రకారుడు జోసెఫస్ అందులోంచి ఈ ముక్క ఎత్తి రాసుకున్నాడు. తన జాతి ప్రాచీనమైనదేననీ, గ్రీకు పెద్దలకు కూడా ఆ సంగతి తెలుసనీ వాదించడం అతని అవసరం. మనకు దొరికేది జోసెఫస్ పుస్తకం ఒక్కటే. అలాంటప్పుడు ఆ వాక్యాన్ని ఎవరి ఖాతాలో వేయాలి? అరిస్టాటిల్ ఖాతాలోనా, గురువు నోట తన ఊహను పలికించి ఉండగల క్లియార్కస్ ఖాతాలోనా, తనకు పనికొచ్చేంత మేరకే కత్తిరించుకున్న జోసెఫస్ ఖాతాలోనా?

ఇలాంటి వాక్యాలను వందల కొద్దీ పోగుచేసి, ఒక్కొక్కటీ ఎక్కడ పుట్టి ఎన్ని చేతులు మారిందో తేల్చి, మూలంతో, అనువాదంతో, వ్యాఖ్యతో అచ్చువేసిన చరిత్రకారుడు మెనహెమ్ స్టెర్న్. ‘యూదుల గురించీ యూదు మతం గురించీ గ్రీకు, లాటిన్ రచయితలు’ అన్నది ఆ సంకలనం పేరు. మూడు సంపుటాలు. 1974లో ఒకటి, 1980లో ఒకటి, 1984లో చివరిది వచ్చాయి. జెరూసలేంలోని ఇజ్రాయెల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ అండ్ హ్యుమానిటీస్ ప్రచురించింది. రోమన్ కాలపు యూదుల చరిత్ర మీద పనిచేసేవాళ్లు ఈ సంపుటాలను దాటి ముందుకు పోలేరు. ఒక మాటకు విలువ కట్టే ముందు అది నడిచొచ్చిన దారంతా పాఠకుడి ముందు పరచాలన్న పట్టుదల ఇందులో ప్రతి పేజీలోనూ కనిపిస్తుంది. స్టెర్న్‌ను గొప్ప చరిత్రకారుణ్ణి చేసింది ఆ పట్టుదలేనని నా నమ్మకం.

స్టెర్న్ 1925లో పోలండ్‌లోని బియాలిస్టాక్‌లో పుట్టారు. 1938లో పాలస్తీనా చేరారు. మరుసటి ఏడు యుద్ధం మొదలైంది. 1943 నాటికి బియాలిస్టాక్ యూదు గెట్టోను నాజీలు తుడిచిపెట్టేశారు. అక్కడ పుట్టిన మనిషి యూదుల్ని దూషించిన ప్రాచీన వాక్యాలను ఒకచోట చేర్చాడంటే ఆ పేజీల్లో ఎక్కడో ఒకచోట గొంతు వణుకుతుందనుకుంటాం, కోపం పైకి తేలుతుందనుకుంటాం. ఎక్కడా తేలదు. అపియన్ లాంటి పచ్చి ద్వేషి గురించి రాసినా, ప్లూటార్క్ లాంటి పెద్దమనిషి గురించి రాసినా ఒకటే స్వరం.

జెరూసలేంలోని హీబ్రూ యూనివర్సిటీలోనే చదువుకుని, అక్కడే జీవితమంతా పాఠం చెప్పారు. అదే విశ్వవిద్యాలయంలో విక్టర్ చెరికోవర్ అనే పెద్ద పండితుడు ఈజిప్టు పపైరస్‌లలో యూదుల ప్రస్తావన ఉన్నవాటన్నిటినీ ఒక సంకలనంగా తెచ్చే పని ఎత్తుకున్నాడు. 1957లో మొదటి సంపుటం వచ్చింది. మరుసటి ఏడే చెరికోవర్ పోయాడు. అలెగ్జాండర్ ఫుక్స్ ఆ పని ముందుకు తీసుకెళ్లాడు. 1964లో వచ్చిన మూడో సంపుటం మీద చెరికోవర్, ఫుక్స్ పేర్ల పక్కన స్టెర్న్ పేరు ఉంది. మరుసటి ఏడాది హస్మోనియన్లనే యూదు వంశం చేసిన తిరుగుబాటుకు సంబంధించిన పత్రాలను వ్యాఖ్యతో సహా హీబ్రూలో పుస్తకంగా తెచ్చారు. ఆయన చేయి తిరిగింది ఈ రకం పనిలోనే. ముందు పత్రం, తర్వాతే వాదన. ష్మూయెల్ సఫ్రాయ్‌తో కలిసి మొదటి శతాబ్దపు యూదు సమాజం మీద రెండు పెద్ద సంపుటాలకు సంపాదకత్వం వహించారు. బెన్-సాసన్ సంపాదకత్వంలో వచ్చిన ప్రసిద్ధ యూదు చరిత్రలో జెరూసలేం రెండో దేవాలయ కాలం గురించిన భాగం ఆయనదే. 1977లో ఇజ్రాయెల్ ప్రైజ్ ఇచ్చారు. ఉద్యోగం, పదవులు, సన్మానాల లెక్క ఇంతటితో సరి. అసలు జీవితం ఆ మూడు సంపుటాల్లో ఉంది.

అంతకుముందు ఇలాంటి సంకలనం లేకపోలేదు. తెయొడోర్ రైనాక్ అనే ఫ్రెంచ్ పండితుడు 1895లో పారిస్ నుంచి ఒకటి తెచ్చాడు. గ్రీకు, లాటిన్ పాఠాలు, ఫ్రెంచ్ అనువాదం, క్లుప్తంగా వివరణలు. దాదాపు ఎనభై ఏళ్లు అందరూ దానితోనే సరిపెట్టుకున్నారు. స్టెర్న్ అదే దారిలో బయల్దేరి చాలా దూరం పోయారు. ఆయన పెట్టుకున్న హద్దు ఏమిటంటే, రాసినవాడు యూదుడూ కాకూడదు, క్రైస్తవుడూ కాకూడదు. క్రీ.పూ. అయిదో శతాబ్దపు హెరొడోటస్‌తో మొదలై క్రీ.శ. ఆరో శతాబ్దపు సింప్లీసియస్‌తో ముగుస్తుంది. వెయ్యేళ్ల పైచిలుకు. మొదటి సంపుటం ప్లూటార్క్ దాకా, రెండోది రోమన్ చరిత్రకారుడు టాసిటస్ నుంచి చివరిదాకా, మూడోది అనుబంధాలూ సూచికలూ.

ప్రతి రచయితకూ ముందు ఒక పరిచయం ఉంటుంది. ఎవరు, ఎప్పటివాడు, ఏ గ్రంథంలో ఏ సందర్భంలో యూదుల మాట ఎత్తాడు, అతనికి ఆ సమాచారం ఎక్కడిది, అన్నీ అందులోనే. తర్వాత నంబరు వేసిన పాఠం, దాని కింద రాతప్రతుల్లోని పాఠభేదాలు. ఆపైన ఇంగ్లీషు అనువాదం. మంచి అనువాదం అప్పటికే ఉంటే దాన్నే తీసుకుని అనువాదకుడి పేరు వేశారు. ఆ తర్వాత పదం పదానికీ వ్యాఖ్య. ఈ క్రమం ఎక్కడా తప్పదు. ఒక్క వాక్యం రాసిన రచయితకైనా, పదమూడు అధ్యాయాలు రాసినవాడికైనా అదే మర్యాద.

వీటన్నిటికన్నా కీలకమైన నిర్ణయం ఇంకొకటి. రచయితల వరస అసలు రచయిత కాలాన్ని బట్టి నడుస్తుంది. ఆ మాటను మనకు అందించినవాడి కాలంతో సంబంధం లేదు. మనెతో ఈజిప్టు పూజారి, క్రీ.పూ. మూడో శతాబ్దం వాడు. యూదుల గురించి అతను రాసింది జోసెఫస్ పుస్తకంలోనే మిగిలింది. అయినా స్టెర్న్ సంకలనంలో మనెతో తన కాలంలో తన చోటే నిలబడతాడు. కింద మాత్రం ఇది జోసెఫస్ ఎత్తి రాసిందని స్పష్టంగా ఉంటుంది. వినడానికి ఇది చిన్న ఏర్పాటే. చేసి చూస్తే తెలుస్తుంది, ఎత్తి రాసినవాడి మాట ఎక్కడ ఆగి అసలువాడి మాట ఎక్కడ మొదలవుతుందో ప్రతిచోటా తేల్చుకోవాలి. ఆ గీత ఒక్క వాక్యం అటుఇటైనా శతాబ్దాల తేడా వస్తుంది.

హెకటేయస్ సంగతి చూడండి. సంకలనంలో 11వ నంబరు. క్రీ.పూ. 300 ప్రాంతంలో ఈజిప్టులో ఉండి రాసిన గ్రీకు రచయిత. యూదుల గురించి మనకు మిగిలిన మొట్టమొదటి విపులమైన గ్రీకు వర్ణన ఇతనిదే. అయితే ఇతని పుస్తకం దొరకదు. క్రీ.పూ. మొదటి శతాబ్దంలో డియొడోరస్ తన ప్రపంచ చరిత్ర నలభయ్యో భాగంలో, రోమన్ సేనాని పాంపే జెరూసలేంను పట్టుకున్న ఘట్టం దగ్గర, యూదులెవరో పాఠకులకు చెప్పడానికి దీన్ని వాడుకున్నాడు. ఆ నలభయ్యో భాగమూ పోయింది. తొమ్మిదో శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ ఫోటియస్ తాను చదివిన పుస్తకాల సారాంశాలు రాసిపెట్టుకుంటూ ఈ భాగాన్ని ఎక్కించుకున్నాడు. మనకున్నది అదే. అంటే హెకటేయస్ కలానికీ మన కంటికీ మధ్య పన్నెండు వందల ఏళ్లు, ఇద్దరు మనుషులు. పైగా ఆ పాఠం చివర ఈ సంగతులు చెప్పింది మిలేటస్ ఊరి హెకటేయస్ అని ఉంది. అతను రెండు వందల ఏళ్లు ముందువాడు. ఇక్కడి మనిషి అబ్డెరా ఊరి హెకటేయస్ అని పండితులు సర్దుకోవలసి వచ్చింది. ఏ చేతిలో ఆ పొరపాటు దొర్లిందన్నది మళ్లీ వేరే విచారణ.

ఇక లోపల ఏముంది? ఈజిప్టులో ఒక తెగులు వచ్చింది, దేవతలకు కోపం వచ్చిందని పరదేశుల్ని తరిమేశారు, వాళ్లలో కొందరు డనయస్, కాడ్మస్‌ల వెంట గ్రీసుకూ, ఎక్కువమంది మోషే వెంట యూదయకూ వెళ్లారు. మోషే తెలివైనవాడు, ధైర్యవంతుడు. జెరూసలేం నగరాన్ని కట్టించింది అతనే. ప్రజల్ని పన్నెండు గోత్రాలుగా విభజించాడు, దేవుడికి విగ్రహం పెట్టలేదు. యూదులకు ఎన్నడూ రాజు లేడు, ప్రధాన యాజకుడే పెద్ద. తాము వెళ్లగొట్టబడ్డవాళ్లు కాబట్టి పరాయివాళ్లతో కలవని జీవన విధానాన్ని మోషే వాళ్లకు ఏర్పరిచాడు.

బైబిలు తెలిసినవాళ్లకు ఇందులో తప్పులు వెంటనే దొరుకుతాయి. మోషే జెరూసలేంలో కాలు పెట్టలేదు. దావీదు, సొలొమోను రాజులు కాక మరెవరు? తప్పుల పట్టీ రాసి పక్కన పడేయడం సులువు. కానీ రాజే లేడన్న ఆ తప్పును పట్టుకునే ముందుకు నడవవచ్చు. క్రీ.పూ. 300 నాటి యూదయలో నిజంగానే రాజు లేడు. ఊళ్లో పెద్ద ప్రధాన యాజకుడే. హెకటేయస్‌కు ఈ సంగతులు చెప్పిన మనిషి తన కళ్ల ముందున్న ఏర్పాటును మోషే కాలందాకా వెనక్కి నెట్టి చెప్పాడన్నమాట. అంటే ఈ గ్రీకువాడు చెవిన పడిన పుకార్లతో ఆగలేదు, యూదుల వైపు నుంచి కూడా ఎవరినో విన్నాడు. తెగులు కథ మాత్రం ఈజిప్టువాళ్ల నోటిది. ఒకే పేజీలో రెండు ఊళ్ల గొంతులు. పాఠాన్ని స్టెర్న్ అమర్చిన పద్ధతిలో చదివితే ఈ అతుకు కనిపిస్తుంది. మెచ్చుకోలు, సణుగుడు కూడా ఒకే చోట ఉన్నాయి. హెకటేయస్‌ను యూదుల మిత్రుడనో శత్రువనో ఒక్క మాటలో ముద్ర వేయడం ఇక కుదరదు.

దీనికన్నా చిక్కు ముడి అపియన్‌ది. అలెగ్జాండ్రియా పండితుడు, హోమర్ మీద పేరు మోసినవాడు. క్రీ.శ. 40 ప్రాంతంలో ఆ నగరంలో గ్రీకులకూ యూదులకూ గొడవలు ముదిరి రెండు పక్షాలూ కలిగులా చక్రవర్తి దగ్గరికి రాయబారాలు పంపినప్పుడు, గ్రీకుల పక్షాన వెళ్లిన వాళ్లలో ఇతనొకడు. యూదుల పక్షాన వెళ్లింది తత్వవేత్త ఫిలో. అపియన్ రాసిన ఈజిప్టు చరిత్ర పోయింది. జోసెఫస్ అతని మీద విరుచుకుపడుతూ రాసిన పుస్తకం నిలిచింది. తిట్టినవాడి మాటలు తిట్లు పడ్డవాడి పుస్తకంలోనే బతికాయి. ఈ సంకలనమంతా ఇలాంటివే ఎన్నో. సెల్సస్ మాటలు అతన్ని ఖండించిన క్రైస్తవ రచయిత ఒరిజెన్ దగ్గరా, యూదుల విశ్రాంతి దినం మీద రోమన్ తత్వవేత్త సెనెకా చేసిన వెక్కిరింపు క్రైస్తవ పండితుడు అగస్టిన్ దగ్గరా దొరుకుతాయి.

జోసెఫస్ పుస్తకం రెండో భాగంలో ఒక పెద్ద ఖాళీ ఉంది. మనకున్న గ్రీకు ప్రతులన్నీ కొన్ని ఆకులు ఊడిపోయిన ఒకే ప్రతి నుంచి వచ్చినవి. ఆ ఖాళీలో ఏముందో తెలియడానికి ఆధారం ఆరో శతాబ్దంలో కాసియొడోరస్ చేయించిన లాటిన్ అనువాదం. గాడిద తల కథ సరిగ్గా ఆ ఖాళీలో పడింది. సిరియా రాజు అంటియోకస్ జెరూసలేం దేవాలయాన్ని దోచుకున్నప్పుడు లోపల బంగారు గాడిద తల దొరికిందని అపియన్ రాశాడు. యూదులు పూజించేది దాన్నేనని అతని ఆరోపణ. అతను గ్రీకులో రాశాడు, జోసెఫస్ గ్రీకులో ఎత్తి రాశాడు, మనకు మిగిలింది లాటిన్. అందుకే స్టెర్న్ సంపుటంలో గ్రీకు రచయిత అపియన్ పేరు కింద ఆ చోట లాటిన్ పాఠం అచ్చయి ఉంటుంది. ఆరోపణకు అపియన్ సొంత ఆధారాలు పొసీడోనియస్, అపొలోనియస్ మోలన్ అని జోసెఫస్ అంటాడు. అలా ఇంకో మెట్టు కిందికి దిగాలి.

ఇప్పుడు గాడిద వెంట పడి సంకలనం మొత్తం తిరగండి. క్రీ.పూ. 200 ప్రాంతపు గ్రీకు రచయిత మ్నాసియస్ దగ్గర 28వ నంబరులో అది కనిపిస్తుంది. డియొడోరస్‌లో వేషం మారుతుంది. అంటియోకస్ గర్భగుడిలో చూసింది గాడిద మీద కూర్చున్న గడ్డం మనిషి రాతి విగ్రహమనీ, ఆ మనిషి మోషే అనుకున్నాడనీ అక్కడి కథ. అపియన్‌లో తల మిగిలింది. క్రీ.శ. 110 ప్రాంతంలో రాసిన టాసిటస్ దగ్గరికి వచ్చేసరికి, ఎడారిలో దాహంతో చచ్చిపోతున్న యూదులకు అడవి గాడిదల మంద నీటి జాడ చూపిందనీ, కృతజ్ఞతగా వాటి బొమ్మను గుడిలో పెట్టుకున్నారనీ అందమైన కారణం కూడా తోడైంది. మూడు వందల ఏళ్లలో కథ పెరుగుతూనే ఉంది. ఆ గాడిదను కళ్లారా చూశానని తన పేరున రాసినవాడు ఒక్కడూ లేడు. స్టెర్న్ ఈ మాట ఎక్కడా గట్టిగా అనరు. నంబర్లు వేసి వరసగా పేర్చి, ఒక వ్యాఖ్య నుంచి ఇంకో వ్యాఖ్యకు దారి చూపిస్తారు. మిగిలిన పని మన కళ్లే చేసుకుంటాయి.

టాసిటస్ ‘చరిత్రలు’ అయిదో భాగంలోని పదమూడు అధ్యాయాలు 281వ నంబరు. మూడు సంపుటాల్లోనూ నేను ఎక్కువసార్లు తెరిచే పేజీలు ఇవే. జెరూసలేం ముట్టడి వర్ణించబోతూ టాసిటస్ ఈ జాతి ఎక్కడిదో చెప్పడానికి ఆగుతాడు. ఆరు కథలు చెబుతాడు. క్రీట్ ద్వీపం నుంచి వచ్చారని ఒకటి, ఈజిప్టులో జనం ఎక్కువై పొంగి వచ్చారని ఒకటి, ఇథియోపియా వాళ్లని, అస్సీరియా వాళ్లని, హోమర్ పాడిన సోలిమి వీరుల సంతతి అని, చివరికి తెగులు తగిలితే ఈజిప్టు వెళ్లగొట్టినవాళ్లని. ఇందులో హోమర్ కథ గౌరవమే ఇస్తుంది. టాసిటస్ మనసు మాత్రం చివరి కథ మీదే నిలిచి, దాన్నే సాగదీస్తుంది. ఒక్కో కథకూ పాత మూలం ఎక్కడుందో వెనక్కి వెళ్లి చూడటానికి మొదటి సంపుటం పక్కనే ఉంది. ఇదే భాగంలో గాడిద బొమ్మను గర్భగుడిలో ప్రతిష్ఠించారని నాలుగో అధ్యాయంలో అన్న టాసిటస్, తొమ్మిదో అధ్యాయంలో పాంపే లోపలికి వెళ్లి చూస్తే ఏ దేవతా రూపమూ లేదు, ఖాళీగా ఉందంటాడు. అంత నిశితమైన చరిత్రకారుడికి తన పేజీల్లోనే ఉన్న ఈ వైరుధ్యం కనబడలేదు, లేదా పట్టలేదు. విడివిడి ఉల్లేఖనలుగా చదివితే ఇది మనకూ తప్పిపోతుంది. పదమూడు అధ్యాయాలూ కత్తిరించకుండా ఒకే నంబరు కింద ఇచ్చినందువల్లే దొరుకుతుంది. ఎక్కడ కోయాలో తెలియడం కన్నా ఎక్కడ కోయకూడదో తెలియడమే సంకలనకర్తకు పెద్ద విద్య.

మొదట చెప్పుకున్న క్లియార్కస్‌కు సరిగ్గా ముందు, 14వ నంబరు మెగస్తనీసుది. పాటలీపుత్రంలో చంద్రగుప్తుడి కొలువుకు వచ్చిన అదే మెగస్తనీసు. ప్రకృతి గురించి గ్రీకు పెద్దలు చెప్పినదంతా గ్రీసు బయట కూడా ఉంది, భారతదేశంలో బ్రాహ్మణులు, సిరియాలో యూదులు చెప్పారని అతను రాసినట్టు అలెగ్జాండ్రియా క్లెమెంట్ అనే క్రైస్తవ పండితుడు అయిదు వందల ఏళ్ల తర్వాత ఎత్తి చూపాడు. మెగస్తనీసు ‘ఇండికా’ మనకూ ముక్కలుగానే తెలుసు. ఆంధ్రులకు ముప్పై కోట పట్టణాలు, లక్ష కాల్బలం, రెండు వేల గుర్రాలు, వెయ్యి ఏనుగులు ఉన్నాయని మన బడి పుస్తకాల్లో మెగస్తనీసు పేరు మీద చదువుకున్న మాట కూడా రోమన్ రచయిత ప్లినీ పుస్తకంలో ఉన్నదే. అది మెగస్తనీసు నుంచే వచ్చిందని చరిత్రకారుల ఊహ, ప్లినీ అక్కడ అలా చెప్పలేదు. మనం ఆ మధ్య మనిషిని చెప్పకుండా వదిలేయడం అలవాటు చేసుకున్నాం. పెదపాటి జగ్గన పద్య సంకలనం ప్రబంధరత్నాకరంలో ఎక్కకపోతే ఎన్నో తెలుగు కావ్యాలు ఆనవాలు లేకుండా పోయేవని తెలిసిన మనకు, ముక్కల విలువా వాటి ప్రమాదమూ ఇంకాస్త గుర్తుండాలి.

కలనోయి విషయానికి వస్తే, అలెగ్జాండర్ వెంట తక్షశిల నుంచి వెళ్లి, పర్షియాలో తనకు తానే చితి పేర్పించుకుని ప్రాణం వదిలిన కలనోస్ అనే సాధువు పేరు గ్రీకుల్లో మారుమోగింది. ఆ ఒక్కడి పేరు ఒక వర్గం పేరుగా క్లియార్కస్ చేతిలో మారిపోయింది. ఆఫ్ఘనిస్తాన్‌లోని అయ్ ఖనూమ్ తవ్వకాల్లో ఒక శాసనం దొరికింది. డెల్ఫీ నీతి సూత్రాలను అంత దూరం మోసుకొచ్చి ఇక్కడ చెక్కించింది క్లియార్కస్ అని అందులో ఉంది. ఆ మనిషి ఈ సోలి క్లియార్కసే అని ఫ్రెంచ్ పండితుడు లూయీ రోబేర్ గుర్తించాడు. అదే నిజమైతే భారతదేశపు వాకిటిదాకా వచ్చిన మనిషి యూదుల్ని భారతీయులకు చుట్టాల్ని చేశాడన్నమాట.

ద్వేషం, మెప్పు, వంశావళి కథలు ఇవన్నీ ఒక ఎత్తు. సంకలనంలో చాలా భాగం వాటితో సంబంధం లేని మామూలు ప్రస్తావనలే. పాలస్తీనాలో ఒక సరస్సు ఉందనీ, మనిషినో పశువునో కట్టి అందులో పడేసినా మునగదనీ అరిస్టాటిల్ వాతావరణ గ్రంథంలో ఒక మాట ఉంది. యూదుల పేరే ఎత్తడు. స్టెర్న్ దాన్నీ చేర్చారు. మృత సముద్రపు తారు, యెరికో ఖర్జూరాలు, బాల్సం చెట్టు గురించి ఎంతమంది రాశారో చూస్తే, ఆ రోజుల్లో చాలామంది గ్రీకులకు, రోమన్లకు యూదయ అంటే ముందుగా ఏం గుర్తొచ్చేదో తెలుస్తుంది. రోమ్‌తో యుద్ధకాలంలో యూదులు బాల్సం చెట్లను తమ ప్రాణాల్లాగే నాశనం చేసుకోబోతే రోమన్లు కాపాడారనీ, ఒక పొద కోసం పోరు జరిగిందనీ ప్లినీ చెబుతాడు. మొక్కల గురించిన పుస్తకంలో ఒక యుద్ధం అలా తొంగిచూస్తుంది.

68వ నంబరు రోమన్ వక్త సిసెరో కోర్టు ప్రసంగం. క్రీ.పూ. 59. ఆసియా ప్రాంతపు మాజీ గవర్నరు ఫ్లాకస్ తరఫున అతను వకాల్తా పుచ్చుకున్నాడు. యూదులు ఏటేటా జెరూసలేం దేవాలయానికి పంపే బంగారాన్ని ఫ్లాకస్ ఆపి జప్తు చేశాడని ఒక అభియోగం. అపమేయాలో దాదాపు వంద పౌన్లు, లవొదికయలో ఇరవైకి కొంచెం పైన అంటూ సిసెరో లెక్క చెబుతాడు. దాచలేదు, ఖజానాకే చేరింది కదా అని అతని వాదం. యూదుల మీద అతను విసిరిన మాటలు కటువుగానే ఉన్నాయి. అయితే అది కక్షిదారు కోసం పనిచేస్తున్న న్యాయవాది గొంతు. ఇటలీ నుంచీ ఇతర ప్రాంతాల నుంచీ ఏటా ఈ బంగారం పోతుండేదన్న సంగతి మాత్రం ఆ నిష్ఠూరం వల్లే మనకు దక్కింది.

ఆ కానుకకే తర్వాతి కథ ఇంకా బరువైనది. క్రీ.శ. 70లో దేవాలయం కాలిపోయాక, యూదులు అంతకుముందు దానికి చెల్లించే మొత్తాన్ని రోమ్‌లోని జూపిటర్ గుడికి కట్టాలని చక్రవర్తి వెస్పాసియన్ ఆజ్ఞ వేశాడు. అంతకుముందు వయసు వచ్చిన మగవాళ్లే ఇచ్చేవాళ్లు. ఇప్పుడు ఆడవాళ్లూ పిల్లలూ కట్టాలి. చక్రవర్తి డొమిషియన్ కాలంలో వసూళ్లు మరీ కఠినమయ్యాయి. 320వ నంబరులో రోమన్ రచయిత స్యుటోనియస్ తన చిన్నతనంలో చూసిన దృశ్యం ఒకటి చెబుతాడు. కిక్కిరిసిన సభలో, అధికారి ముందర, తొంభై ఏళ్ల ముసలాయనకు సున్తీ అయిందో లేదో బట్టలు విప్పించి చూశారట. రెండు మూడు పంక్తులు, అంతే. ఇక్కడ ‘అట’ అనవలసిన పని కూడా లేదు, ఎందుకంటే చూసినవాడే రాశాడు, ఆ పుస్తకం మన దగ్గర ఉంది. సంకలనంలో ఇంత దగ్గరి సాక్ష్యం చాలా అరుదు.

ఈ పంక్తుల్ని చెరికోవర్, ఫుక్స్ 1960లో తెచ్చిన పపైరస్ సంపుటం పక్కన పెట్టుకుని చదవాలి. దక్షిణ ఈజిప్టులోని ఎడ్ఫూలో కుండపెంకుల మీద సిరాతో రాసిచ్చిన పన్ను రసీదులు గుట్టలుగా దొరికాయి. ఫలానావాడు, ఫలానావాడి కొడుకు, యూదు పన్ను చెల్లించాడు. ఏళ్ల తరబడి అవే కుటుంబాల పేర్లు. క్రీ.శ. 116లో రసీదులు ఆగిపోతాయి. ఈజిప్టు, సైరీన్, సైప్రస్‌లలో యూదుల తిరుగుబాటు జరిగి అణచివేతకు గురైన ఏళ్లు అవి. రోమ్ రచయిత కంటబడిన ముసలాయనా, ఎడ్ఫూ పెంకుల మీది కుటుంబాలూ ఒకే పన్నుకు రెండు కొసలు. పెంకుల మీది అక్షరాల మధ్య విద్య నేర్చుకున్న మనిషి కాబట్టే సాహిత్య పాఠాన్ని కూడా స్టెర్న్ పత్రంలాగే తూచగలిగారు.

ఇలాంటి సంకలనానికి పుట్టుకతోనే ఒక లోపం ఉంటుంది. వెయ్యేళ్లలో అక్కడొకటి అక్కడొకటి చెప్పిన మాటలన్నీ ఒకచోట కుప్పపోస్తే, గ్రీకులకూ రోమన్లకూ పొద్దున లేస్తే యూదుల ఆలోచనే అన్నట్టు కనిపిస్తుంది. అది నిజం కాదు. చాలామందికి వాళ్లు తూర్పున ఉన్న అనేక జాతుల్లో ఒకరు. ఈజిప్టువాళ్ల మీద, సిరియన్ల మీద, గాల్‌ల మీద కూడా ఇలాంటి సంకలనాలు చేస్తే తిట్ల బరువు ఎటు మొగ్గుతుందో చెప్పడం కష్టం. స్టెర్న్ పరిచయాలు ఈ లోపానికి విరుగుడుగా పనిచేస్తాయి. ఈ రచయిత మొత్తం గ్రంథం దేని గురించి, అందులో ఈ ప్రస్తావన ఎంత, ఇతర జాతుల గురించి ఇతని ధోరణి ఏమిటి అన్న వివరం అక్కడ దొరుకుతుంది. పరిచయాన్ని దాటేసి నేరుగా నంబరుకు పోయే పాఠకుడు మాత్రం ఆయన కష్టంలో సగం పారేసుకుంటాడు. నా దృష్టిలో ఆ పరిచయాలే ఒక్కచోట చేరిస్తే గ్రీకు, రోమన్ జాతివర్ణనల మీద మంచి గ్రంథం అవుతుంది.

మూడో సంపుటం వచ్చిన అయిదేళ్లకు, 1989 జూన్ 22న, స్టెర్న్ ఎప్పట్లాగే జెరూసలేంలోని జాతీయ గ్రంథాలయానికి నడిచి వెళుతుండగా దారిలో, సిలువ లోయ దగ్గర, కత్తిపోట్లతో హత్యకు గురయ్యారు. అది పాలస్తీనియన్ల తిరుగుబాటు, మొదటి ఇంతిఫాదా కాలం. ఆయన వయసు అరవై నాలుగు. హీబ్రూలో చెల్లాచెదురుగా ఉన్న ఆయన వ్యాసాలూ, హస్మోనియన్ల మీద ఆయన రాసినవీ తర్వాతి ఏళ్లలో పుస్తకాలుగా వచ్చాయి.

ఈ సంపుటాల ఆధారంగా తర్వాతివాళ్లు చేసిన వాదనలు ఒకదానికొకటి పొసగవు. 1993లో లూయిస్ ఫెల్డ్‌మన్ ఇవే పాఠాలు చదివి, ప్రాచీన ప్రపంచంలో యూదు మతానికి బలమైన ఆకర్షణ ఉండేదనీ, ద్వేషం కన్నా దాని పలుకుబడే పెద్ద సంగతి అనీ వాదించాడు. 1997లో పీటర్ షేఫర్ ఈజిప్టులో మొదలై రోమ్‌లో భయంగా ముదిరిన యూదు ద్వేషాన్ని ఇవే పంక్తుల్లో చూపించాడు. 2002లో ఎరిక్ గ్రూయెన్ వీటిలో ఎక్కువ భాగం వేళాకోళమూ ఉదాసీనతేననీ, రోమన్లకు యూదులంటే పెద్ద బెంగేమీ లేదనీ అన్నాడు. ముగ్గురూ స్టెర్న్ పేర్చిన పాఠాల మీదే నడిచారు. ఎవరి వాదన ఎంతవరకు నిలబడుతుందో తనకు తానే తేల్చుకోవాలనుకున్న పాఠకుడు రెండో సంపుటం తీసి, ముందు టాసిటస్ పరిచయం చదివి, 281వ నంబరు దగ్గర మొదలుపెట్టవచ్చు.